చివరి తొట్టి నీళ్లు

చిలకలపూడి,
జూన్ 24, మంగళవారం.

రహమత్‌కి,

ముస్తాక్ సలాములు. ఇక్కడ నేనూ రుబీనా బాగున్నాం. ఖరగ్‌పూర్‌లో నువ్వూ, నీలోఫర్, అల్లుడు షోయబ్, నెలన్నర నిండిన మన మనవడూ బాగున్నారని నీ ఉత్తరం చదివి స్థిమితపడ్డాను. అల్లా అందరినీ ఇలాగే ఉంచితే నాకు ఇంకేమీ అక్కర్లేదు. అక్కర్లేదని రాశానే గానీ, నువ్వు కాస్త త్వరగా వచ్చేస్తే బాగుండును. వెళ్లి రెండు నెలలు దాటింది.

ఫోను మోగితే పిల్లాడు ఉలిక్కిపడి లేస్తున్నాడని నువ్వు ఉత్తరాలు మొదలుపెట్టావు చూడు, మంచి పని చేశావు. ఫోన్లో అయితే నువ్వు స్పీకర్ పెట్టేస్తావు. నేను చెప్పేది నీకంటే ముందు అల్లుడు వింటాడు. ఈసారి నేను చెప్పాల్సిన దాంట్లో అల్లుడి ముందు తలవంపులయ్యే సంగతి ఒకటుంది. చదివాక వాళ్లకి చెప్పుకో, మానుకో, నీ ఇష్టం.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. దగ్గు తగ్గింది. నిజంగానే తగ్గింది, నిన్ను ఊరుకోబెట్టడానికి రాయడం లేదు. అల్లం రసం తాగుతున్నాను, రోజూ కాదనుకో, గుర్తొచ్చినప్పుడు. అన్నం రుబీనా వండుతోంది, కూరలు నేను చేస్తున్నాను. మొన్న గోంగూర రొయ్యలు చేస్తే నీ కూతురు రెండుసార్లు వడ్డించుకుంది, కావాలంటే దాన్నే అడుగు. ఆవకాయ జాడీ మాత్రం సగానికి దిగింది. అందులో నా వాటా ఎంత, దాని వాటా ఎంత అన్నది నువ్వు వచ్చి తేల్చాలి. నీ పిల్లి రోజూ గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, నన్ను చూసి వెళ్లిపోతోంది.

నాలుగో ప్రశ్న ఉంది కదా. గురువారం ఫోన్లో రుబీనా గొంతు బొంగురుపోయి ఉంది, ఏడ్చిందా, నువ్వేమన్నా అన్నావా అని అడిగావు. దానికీ జవాబు ఉంది. కొంచెం ఆగు, ముందు మంచి కబురు చెప్పనీ.

ఆదివారం సాయంత్రం అయిదింటికి ఎనిమిది నిమిషాలు ఉందనగా మన రుబీనా కోయంబత్తూరు సదస్సుకి తన పేపరు ప్రతిపాదన పంపించేసింది! లోహాల మీద పూత పూసే విద్య గురించి దేశం నలుమూలల నుంచీ ఇంజనీర్లు, ప్రొఫెసర్లు వచ్చి మాట్లాడుకునే పెద్ద సభ అది. అక్కడ ఎవరు పడితే వాళ్లు మాట్లాడటానికి లేదు. ముందు మూడు వందల మాటల్లో నేను ఫలానాది కనిపెట్టాను, ఇలా పరీక్ష చేశాను, ఈ ఫలితం వచ్చింది అని రాసి పంపాలి. వాళ్లు చదివి, బాగుందనుకుంటే పిలుస్తారు. గుడివాడ కాలేజీలో దాని పై మేడమ్ లలిత గారు మూడేళ్లుగా చెబుతున్నారు, ఒక్క సదస్సులో పేపరు చదువు, పీహెచ్‌డీకి నేను దారి చూపిస్తాను అని. కిందటేడు సగం రాసి వదిలేసింది. అంతకు ముందేడు మొదలే పెట్టలేదు. ఈసారీ పంపలేకపోతే ఇక ఆ మాటే ఎత్తనని శపథం చేసింది. దాని శపథాలు నీకు తెలియనివి కావు, పన్నెండో ఏట మానేసిన పాలు ఇప్పటికీ ముట్టదు.

ఆఖరి నిమిషం దాకా ఎందుకు ఆగిందని నువ్వు అడుగుతావు. నేనూ అడిగాను. అసలు గడువు జూన్ పదో తేదీ. ఆ రోజు దాటిపోతే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అది మాత్రం తాపీగా తన పాలు లేని టీ తాగుతోంది.

"మొదటి గడువుకి ఎవరూ పంపరు నాన్నా. వాళ్లు పొడిగిస్తారు. పొడిగిస్తారని అందరికీ తెలుసు. అందరూ పంపరని వాళ్లకీ తెలుసు" అంది.

అన్నట్టే ఇరవై రెండు దాకా పొడిగించారు. అంత చదువుకున్నవాళ్లు కూడా మన పెళ్లివాళ్లలాగే ఉన్నారు రహమత్, ముహూర్తం రేపనగా గాజులకి పరుగెత్తుకొస్తారు.

దాని పేపరు దేని గురించో నీకు సగం తెలుసు. మన పని గురించే. చిలకలపూడిలో ఇప్పుడు ఏ షెడ్డులో చూసినా బంగారు పూత పూసే ముందు రాగి గాజుల్ని యాసిడ్‌తో కడుగుతున్నారు. తొందరగా అవుతుంది, పొగ గొంతులోకి పోతుంది. మన పక్క షెడ్డులో ఎలీసబెతు చేతులు చూశావుగా, వేళ్ల చివర చర్మం నిలవదు. మనం ఒక్కళ్లమే ఇంకా మీ నాన్న లాల్ మావయ్య పద్ధతిలో చింతపండు పులుసుతో కడుగుతాం. యాసిడ్ లేకుండా కూడా పూత నిలబడుతుందని పరీక్ష చేసి, లెక్కలతో చూపిస్తే పదిమందీ మానుకుంటారని రుబీనా ఆలోచన. అదీ కథ.

నెల రోజులుగా చూడాలి దాని అవస్థ. పొద్దున్నే బస్సెక్కి, పామర్రులో దిగి, గుడివాడ బస్సు మారి, అన్నం డబ్బాతో పాటు ఇంకో డబ్బా నిండా రాగి గాజులు మోసుకెళ్లేది. ఒకరోజు కండక్టరు డబ్బాలో గలగల విని ఏంటమ్మా అంటే, మూత తీసి చూపించిందట. పక్కనున్న ఆడవాళ్లు ఎంతకిస్తావని బేరం మొదలుపెట్టారట. కాలేజీ ల్యాబులో వాటిని పులుసులో కడిగి, పూత పూసి, ఒక రోజంతా ఉప్పునీళ్లలో ముంచి ఉంచేది. నల్లబడకుండా, పొక్కకుండా పైకి వస్తే మన పద్ధతి గెలిచినట్టు.

గెలవలేదు. మూడుసార్లు చేసింది, మూడుసార్లూ గాజులు మచ్చలు పడ్డాయి. గురువారం సాయంత్రం ఇంటికొచ్చి డబ్బా గుమ్మంలో పడేసి కూర్చుండిపోయింది. నువ్వు ఫోన్ చేసింది అప్పుడే.

"నీ చేతిలో ముప్పయ్యేళ్లుగా వస్తున్న పని నా చేతిలో రావట్లేదు నాన్నా. పద్ధతిలో తప్పు లేదు. నాలోనే ఉంది. ఇక పంపను. లలిత మేడమ్‌కి చెప్పేస్తాను" అని ఏడ్చింది.

నేనేమీ అనలేదు రహమత్. ఒట్టు, ఒక్క మాట కూడా అనలేదు. అనాల్సిన మాట అనకపోవడమే నా తప్పు. అదే చెప్పడానికి ఇందాకటి నుంచీ గోంగూర రొయ్యలూ పిల్లీ అంటూ కాలక్షేపం చేస్తున్నాను. ఇంక లాభం లేదు, రాసేస్తున్నాను.

దాని చేతిలో ఏ లోపమూ లేదు. నేను దానికి కొలత తప్పు చెప్పాను.

మన పనివాళ్ల అలవాటు నీకు తెలుసు. ఎవరైనా కొలత అడిగితే కాదనం, కూర్చోబెట్టి, టీ ఇచ్చి, అన్నీ చెబుతాం. ఒక్కటి మాత్రం కొరత పెట్టి చెబుతాం. అయిదు పాళ్లయితే నాలుగంటాం, గంటయితే అరగంటంటాం. దాన్ని అబద్ధమని ఎవరూ అనుకోరు, పనికి కట్టిన కంచె అనుకుంటారు. మే నెలలో ఒక మధ్యాహ్నం నేను గాజులకి తీగ సాగదీస్తుండగా రుబీనా నోట్‌బుక్కు పట్టుకుని వచ్చింది.

"చింతపండు ఎంత, నీళ్లెంత, ఎంతసేపు నానాలి, అన్నీ చెప్పు నాన్నా, రాసుకుంటాను" అంది.

చింతపండు చెప్పాను, నీళ్లు చెప్పాను. ఎంతసేపు అన్నదగ్గర "ఏముందమ్మా, అప్పటికప్పుడు పిసికి తాజాగా వాడెయ్యడమే" అన్నాను. మూడు రోజులు మూతకట్టి పులియబెట్టిందే వాడాలని నాకు తెలియదా? షెడ్డు మూలన ఎప్పుడూ ఒక కుండ పులుస్తూనే ఉంటుంది కదా! నోట్‌బుక్కూ పెన్నూ చూసేసరికి నా నోరు దానంతట అది కొరత పెట్టేసింది. ఎదురుగా ఉన్నది నా కూతురన్న సంగతి నోటికి తట్టలేదు.

ఆ క్షణానిది అలవాటే అనుకుందాం. ఆ రాత్రే నాకు తెలిసింది తప్పు చెప్పానని. మర్నాడు చెబుదామనుకున్నాను. చెబితే, "మరి నాకెందుకు అబద్ధం చెప్పావు" అంటుంది. అందుకని ఇంకో రోజు ఆగాను. అలా నెల గడిచింది. పైగా నాకో సాకు కూడా దొరికింది. మన పెళ్లయిన వారంలో మీ నాన్న నన్ను షెడ్డులో కూర్చోబెట్టి, ఈ కొలత ఇల్లు దాటకూడదు అల్లుడూ అని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. కూతురికి చెబితే కోయంబత్తూరు దాకా పోతుంది కదా, మావయ్యకి ఇచ్చిన మాట తప్పినట్టు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అది సాకేనని నాకు తెలుసు. సిగ్గుపడే నోరు మూసుకున్నాను.

ఆడపిల్ల గుమ్మంలో కూర్చుని తన చేతిలోనే లోపం ఉందని ఏడుస్తుంటే వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాను. అంతకంటే గొప్ప పని నా వల్ల కాలేదు. నన్ను తిట్టుకో. నీకు ఆ హక్కు ఉంది.

శుక్రవారం నమాజు నుంచి వచ్చాక ఇక ఉండబట్టలేకపోయాను. అది కాలేజీ నుంచి వచ్చేదాకా వీధిలోనే నిలబడ్డాను. బ్యాగు దించకముందే చెప్పేశాను.

"రుబీనా, అది తాజా పులుసు కాదమ్మా. మూడు రోజులు పులవాలి. నేను నీకు తప్పు చెప్పాను."

"మర్చిపోయి చెప్పావా, తెలిసి చెప్పావా?" అంది.

"నోరు జారి చెప్పాను. తెలిసి ఊరుకున్నాను" అన్నాను.

"బయటివాళ్లకి చెప్పినట్టు చెప్పావా నాకు?"

తల ఊపాను. లోపలికెళ్లి తలుపేసుకుంది. అన్నం తినలేదు. నేనూ తినలేదు. ఇరవై ఆరేళ్లలో అది నా మీద ఎన్నోసార్లు అలిగింది గానీ, నేను నిజంగా దోషినై ఉండగా అలగడం ఇదే మొదటిసారి. అన్నిటికంటే అది కష్టంగా ఉంది.

శనివారం పొద్దున్నే ఏడింటికి చూస్తే, తల ముడేసుకుని, నీ పాత చున్నీ నడుముకి చుట్టుకుని షెడ్డులో నిలబడి ఉంది.

"కుండలో పులుసు ఎన్నాళ్లది?"

"మూడు రోజులది."

"అయితే పద. రేపు సాయంత్రం అయిదు దాకా టైముంది. నీ మీద కోపం సోమవారం తెచ్చుకుంటాను" అంది.

ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇద్దరం పన్నెండు గాజులు తీసుకున్నాం. పులియబెట్టిన పులుసులో కడిగాం, వరసగా మూడు తొట్లలో జాడించాం, పూత పూశాం. తొమ్మిదిన్నరకల్లా ఉప్పునీళ్లలో వేశాం. ఇంక చూసుకో నా దర్జా! లాల్ మావయ్య పద్ధతి అంటే ఏమనుకున్నావు, ఇప్పుడు చూడు, అద్దంలా వస్తాయి అని దానికి ఉపన్యాసం ఇచ్చాను.

మధ్యాహ్నం రెండింటికి తీసి చూస్తే పన్నెండింటిలో ఏడు పొక్కాయి.

రుబీనా నా వైపు ఎలా చూసిందో నేను రాయలేను. ఇంకేమైనా కొరత పెట్టావా నాన్నా అని అడిగింది. లేదమ్మా, మీ తాతయ్య నాకు చెప్పిందంతా ఇదే, ఖురాన్ మీద ప్రమాణం చేస్తానన్నాను. నమ్మింది. నమ్మిందని చెప్పడానికి నా భుజం మీద చెయ్యి వేసింది. దాంతో నా నోట్లోంచి ఇంకో నిజం కూడా బయటికొచ్చింది. నీకు రాయలేదు గానీ, మే నుంచి మన గాజులు రెండుసార్లు వెనక్కి వచ్చాయి. అవనిగడ్డ దుర్గాప్రసాద్ గారు, మనిషి మంచివాడు కాబట్టి, దివిసీమ అంతా మీ గాజులే అమ్ముతున్నాను, ఏమైందండీ ఈమధ్య అని మెత్తగా అడిగి ఊరుకున్నారు. నేను ఎండల మీదకీ, రాగి మీదకీ నెట్టేశాను.

"మే నుంచి ఏం మారింది?" అంది రుబీనా. లెక్చరరు కదా, ప్రశ్న వేస్తే విడిచిపెట్టదు. "రాగి మారిందా? పూత నీళ్లు మారాయా?"

"ఏమీ మారలేదే. అన్నీ అవే. మీ అమ్మ లేదంతే" అన్నాను.

అనేసి నా మానాన నేను తీగ చుట్టుకుంటున్నాను. మరుక్షణం అది ఫోన్ తీసి నీకు కొట్టింది. ఆ తర్వాతి మాటలు నీకు తెలిసినవే. ఇటువైపు అవి నా చెవిలో ఎలా పడ్డాయో నీకు తెలియదు, అందుకని రాస్తున్నాను.

"అమ్మా, రోజూ షెడ్డులో నువ్వేం చేసేదానివి?"

"ఊడ్చేదాన్ని. ఏం, మీ నాన్న ఊడవట్లేదా?"

"ఇంకా?"

"తొట్లు కడిగేదాన్ని. చివరి తొట్టిలో బోరు నీళ్లు పారబోసి కుళాయి నీళ్లు పోసేదాన్ని."

"ఎందుకు?"

"మా నాన్న పొయ్యమన్నాడు. ఈ బందరు బోరు నీళ్లు నోట్లో పోసుకోలేం, చివరి జాడింపు తాగే నీళ్లతోనే చెయ్యాలి, పొద్దున్నే నువ్వు పోసెయ్యి అనేవాడు. మీ నాన్న నమాజుకెళ్లి వచ్చేలోపు అయిపోయేది."

"మరి నాన్నకెందుకు చెప్పలేదమ్మా?"

"ఆయన అడగలేదు. ఉండవే, పిల్లాడు లేచాడు" అని నువ్వు పెట్టేశావు.

పెట్టేశావు సరే, ఇక్కడ మా సంగతి చూడాల్సింది. నేను మూడో తొట్టి అంచు మీద కూలబడ్డాను. ఇరవై ఎనిమిదేళ్లుగా నా చేతి వాటం, నా పనితనం అని కాలర్ ఎగరేసినవాణ్ణి. అవతల నీ కూతురు నుదురు కొట్టుకుంటోంది. "ఉప్పు! బోరు నీళ్లలో ఉప్పు! రాగి మీద ఉప్పు మిగిలితే పైన పూత ఎలా నిలబడుతుంది? కాలేజీలో అంతా డిస్టిల్డ్ వాటరే వాడాను, ఇక్కడి నీళ్ల సంగతి నాకు తట్టనే లేదు. నేనా పిల్లలకి కెమిస్ట్రీ చెప్పేది!" అని ఒకటే గోల. దానికి కాలేజీలో నీళ్లు సరైనవి, నేను చెప్పిన పులుసు తప్పు. ఇక్కడ షెడ్డులో పులుసు సరైనది, నేను పోసిన నీళ్లు తప్పు. రెండు చోట్లా తప్పు నాదే.

ఆ తర్వాత నెమ్మదిగా తట్టింది నాకు. మీ నాన్న నాకూ ఒకటి కొరత పెట్టే చెప్పాడు! చేతిలో చెయ్యి వేయించుకుని మరీ! మొదట ఒళ్లు మండింది రహమత్. అల్లుణ్ణి కదా, పరాయివాణ్ణా అనుకున్నాను. అనుకుని, ముందురోజు రాత్రి గదిలో అన్నం మానేసి పడుకున్న రుబీనా గుర్తొచ్చి, నోరు మూసుకున్నాను. తర్వాత నవ్వొచ్చింది. నేను నవ్వుతుంటే అది కూడా నవ్వింది. ఎలీసబెతు పక్క షెడ్డు నుంచి వచ్చి, ఏంటి మావయ్యా, తండ్రీ కూతుళ్లకి ఏమైంది అని కంగారుపడింది.

కుళాయి నీళ్లు పట్టి, తొట్టి కడిగి, ఇంకో పన్నెండు గాజులు తయారుచేసి ఉప్పునీళ్లలో వేసేసరికి శనివారం సాయంత్రం నాలుగయింది. అంటే ఆదివారం నాలుగింటికి గానీ ఇరవై నాలుగ్గంటలు నిండవు. గడువు అయిదింటికి. మధ్యలో గంట.

ఆదివారం పొద్దుటి నుంచీ రుబీనా రాస్తూ కూర్చుంది. మూడు వందల మాటలు దాటకూడదట. నాలుగు వందల పది వచ్చాయి. ఒక్కో మాటా తీసేసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసేసింది. ఇంగ్లీషులో రాసి నాకు తెలుగులో చదివి వినిపించేది. ఒకచోట "సంప్రదాయ చేతివృత్తి నిపుణులు" అని ఉంది. ఎవరమ్మా వాళ్లు అన్నాను. నువ్వే నాన్నా అంది. పొంగిపోయాను గానీ, పైకి, ఆ మాట తీసెయ్యి, మాటలు తగ్గుతాయి అన్నాను. తియ్యలేదు. ఫలితం రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా వదిలేసింది. మంచి వస్తే మంచి, చెడ్డ వస్తే పంపేది లేదు అంది.

నాలుగింటికి ఇద్దరం షెడ్డులోకి వెళ్లాం. నువ్వే తియ్యి నాన్నా అంది. ఒక్కొక్కటీ తీసి, గుడ్డతో అద్ది, వెలుతురులో తిప్పి దాని చేతిలో పెట్టాను. పన్నెండూ శుభ్రంగా ఉన్నాయి రహమత్! ఒక్క పొక్కు లేదు, ఒక్క మచ్చ లేదు. నీ కూతురు చిన్నపిల్లలా గెంతింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దగ్గు వచ్చినట్టు నటించాను.

నాలుగు ఇరవైకి ఫలితం రాసి, సదస్సు వాళ్ల వెబ్‌సైటు తెరిస్తే అది తిరుగుతూనే ఉంది, తిరుగుతూనే ఉంది. దేశంలో అందరూ ఆఖరి గంటలోనే పంపుతారు కదా! ఎట్టకేలకు నాలుగు ముప్పావుకి తెరుచుకుంది. పేపరు ఎవరెవరిది, వాళ్ల పేర్లు, హోదాలు రాయమంది. మొదటి పేరు రుబీనా. రెండో పేరుకి నా పేరు కొడుతోంది.

"ఆగమ్మా. మీ అమ్మ పేరు కొట్టు. నాది తర్వాత" అన్నాను.

అది చప్పున తల తిప్పింది. "నేనే అడుగుదామనుకున్నాను నాన్నా. నువ్వు చిన్నబుచ్చుకుంటావని..." అంది.

"చిన్నబుచ్చుకోవాల్సినదంతా నిన్ననే అయిపోయింది. కొట్టు."

రహమత్ బీ అని కొట్టింది. హోదా అన్న గడి దగ్గర ఆగి, ఏం రాయను, గృహిణి అని రాయనా అంది. రేషన్ కార్డులో అదే ఉంది. ఓటరు కార్డు కోసం వచ్చినప్పుడు నేనే చెప్పాను, మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ, పనేమీ చెయ్యదు అని. నువ్వు పక్కనే టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డావు.

"మేస్త్రి అని రాయి. నాకు సహాయకుడని రాయి" అన్నాను.

నవ్వుతూ రాసింది. నాలుగు యాభై రెండుకి నొక్కింది. అందిందని జవాబు వచ్చింది. నీకు ఈమెయిలు లేదు కాబట్టి నీలోఫర్‌ది ఇచ్చాం, దాని ఫోన్‌కి ఇంగ్లీషులో నీ పేరు మీద ఒక ఉత్తరం వచ్చి ఉంటుంది. కంగారుపడకండి. అమ్మకి ఇంకేమీ చెప్పకు, నేను రాస్తాను అని రుబీనాకి చెప్పాను, అందుకే అది నీకు ఫోన్ చెయ్యలేదు. సోమవారం తెచ్చుకుంటానన్న కోపం తెచ్చుకుంది కూడా. ఒక పూట మాట్లాడలేదు. సాయంత్రం గుడివాడ నుంచి నాకిష్టమని మైసూర్‌పాక్ తెచ్చింది.

దుర్గాప్రసాద్ గారికి కొత్త గాజులు పంపాను. రోజూ పొద్దున్నే నమాజు నుంచి రాగానే చివరి తొట్టిలో కుళాయి నీళ్లు పోస్తున్నాను. రెండు బిందెలు మొయ్యాలి. నాకు నడుం పట్టేసింది. ఇన్నేళ్లు నువ్వు మోస్తున్నావని తెలిసీ, ఎందుకు మోస్తున్నావో అడగలేదు నేను.

ఇప్పుడు అసలు సంగతి. మావయ్య మనిద్దరికీ చెరి సగం ఇచ్చి పోయాడు. నా సగం నేను మాట తప్పి ఇచ్చేశాను, దానికి బాధ్యత నాది. నీ సగం నువ్వు ఇచ్చావు గానీ, పిల్లాణ్ణి ఎత్తుకుంటూ, ఎందుకు అడుగుతున్నారో తెలియకుండా ఇచ్చావు. అది ఇచ్చినట్టు కాదు, మేం తీసుకున్నట్టు. పేపరు వాళ్లు ఒప్పుకుంటే ఊరందరికీ తెలిసిపోతుంది. ఎలీసబెతు యాసిడ్ మానుతుంది. మన గాజులకీ పక్క షెడ్డు గాజులకీ తేడా ఉండదు. రెండూ జరుగుతాయి. నాకు మాత్రం చెప్పేయాలనే ఉంది. కానీ ఆయన నీ తండ్రి, ఆ నీళ్లు నువ్వు మోశావు.

నెలాఖరు లోపల ప్రతిపాదన వెనక్కి తీసుకోవచ్చట. నువ్వు వద్దంటే తీసేసుకుంటానని రుబీనా నాకు మాటిచ్చింది. అలా చెప్పి, ఆ పన్నెండు గాజుల్నీ మళ్లీ గుడ్డతో తుడుస్తూ కూర్చుంది, అది కూడా నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. వద్దని నీకనిపిస్తే దానికి నువ్వు చెప్పనక్కర్లేదు, నేను చెబుతాను, ఏడిస్తే ఈసారి దగ్గరే కూర్చుంటాను.

ఇరవై ఎనిమిదేళ్లలో షెడ్డు గురించి నిన్ను ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను రహమత్. చెప్పమంటావా?

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తున్న
మన పిల్లల నాన్న,
ముస్తాక్.